మన ఎండ, మన కరెంటు: హార్డ్‌వేర్ రివ్యూ సైటు పెట్టాలనుకునేవాళ్లకి

ఒక ఆదివారం నెల్లూరులో ఇంజనీరింగ్ విద్యార్థులకీ, కంప్యూటర్ షాపుల వాళ్లకీ కలిపి, పగలు కంప్యూటర్ సర్వీసు చేస్తా రివ్యూ సైటు నడిపే ఒకరు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.

అందరికీ నమస్కారం. వెనక వరసల వాళ్లకి వినపడతా ఉందా? ఫ్యాన్ల మోత ఎక్కువగా ఉంది, అందుకని అడిగా. వినపడకపోతే మొహమాటం లేకుండా చెప్పండి.

నన్ను పిలిచినప్పుడు మూడు అడిగారు. రివ్యూ సైటు ఎట్టా పెట్టాలి, ఎట్టా పెంచాలి, డబ్బులొస్తాయా. మూడోది ఆఖర్న చెప్తా. ఇప్పుడే చెప్తే సగం మంది టీకి లేచిపోతారు.

ముందు మీరు నాకొకటి చెప్పండి. ల్యాప్‌టాపో, గ్రాఫిక్స్ కార్డో కొనేముందు రివ్యూ చూసినోళ్లు చేతులెత్తండి. అందరూ ఎత్తారు, సరే. ఇప్పుడు ఆ రివ్యూ చేసిన గదిలో వేడి ఎన్ని డిగ్రీలు ఉందో చూసినోళ్లు మాత్రం ఉంచి, మిగతావాళ్లు దించండి. ఒక్క చెయ్యి మిగిలింది. ఆ అబ్బాయికి నా ప్రసంగంతో పని లేదు, కావాలంటే వెళ్లిపోవచ్చు.

ఎందుకు అడిగానంటే, బయట దేశాల్లో పేరున్న సైట్ల వాళ్లు గదిని 21, 22 డిగ్రీల దగ్గర ఉంచుకుని పరీక్షలు చేస్తారు. పద్ధతి ప్రకారం అట్టనే చెయ్యాలి, తప్పు పట్టను. అయితే కూలర్ చేసే పనేంది? ప్రాసెసర్ వేడిని తీసి గదిలో గాలికి అప్పజెప్పటం. ఆ గాలే వేడిగా ఉంటే? గది 22 ఉన్నప్పుడు ప్రాసెసర్ 78 దగ్గర నిలబడింది అనుకోండి. అదే పని, అదే ఫ్యాను స్పీడు, గది 38 అయితే ప్రాసెసర్ ఇంచుమించు 94కి పోతుంది. గది ఎంత పెరిగితే అదీ సుమారు అంతే పెరుగుతుంది. చాలా ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు 95, 100 దగ్గరికి రాగానే తమంతట తామే స్పీడు తగ్గించుకుంటాయి. రోహిణి కార్తెలో మన నెల్లూరులో ఏసీ లేని మేడగది 38 దగ్గర ఆగుతుందా? మీరే చెప్పండి. 'గంటసేపు ఆడినా నెమ్మదించలేదు' అని రివ్యూ చేసినాయన రాశాడు. ఆయన గదిలో నెమ్మదించలేదు, నిజమే. మీ గదిలో?

ఆ రాతకీ మీ గదికీ మధ్య ఖాళీ ఉంది చూశారా, మీ సైటుకి చోటు అక్కడే ఉంది. ఇంకెక్కడా లేదు. కొత్త గ్రాఫిక్స్ కార్డు వచ్చిన రోజు రాత్రి వందమంది రివ్యూలు పెడతారు, వాళ్లకి కార్డు వారం ముందే ఇంటికొస్తుంది. మీకు రాదు. ఆ పరుగులో దిగితే మీరు చేసేదేముంది? కంపెనీ కాగితంలో ఉన్నది తెలుగులోకి దించటం, మూడున్నర స్టార్లు, 'ఈ బడ్జెట్‌లో మంచి చాయిస్'. అది పాంప్లెట్టు. మనకొద్దు.

ఇంక కరెంటు సంగతి. కంప్యూటర్ పార్టులకి కరెంటు అందించే పవర్ సప్లై డబ్బా మీద 80 ప్లస్ బ్రాంజు, గోల్డు అని బొమ్మ ఉంటుంది. కొనేవాడు దాన్ని నాణ్యతకి ముద్ర అనుకుంటాడు. అది చెప్పేది ఒక్కటే, గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత పార్టులకి చేరింది, ఎంత వేడిగా పోయింది అని. ఆ పరీక్ష చేసేది 23 డిగ్రీల గదిలో. మామూలు 80 ప్లస్ అయితే 115 వోల్టుల మీద, అంటే అమెరికా కరెంటు మీద. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేలోపు మీ సిస్టమ్ నిలబడుతుందా? ఆ బొమ్మకి ఆ ప్రశ్నతో సంబంధమే లేదు.

ఇక్కడ కొంచెం నిదానంగా చెప్తా, మా సైటులో ఎక్కువమంది చదివేది ఇదే కాబట్టి. మీ ఇంట్లో ఇన్వర్టర్‌కి వెనకో ముందో ఒక చిన్న స్విచ్చి ఉంటది. ఒక పక్క యూపీఎస్, ఇంకో పక్క ఎకో అనో నార్మల్ అనో రాసి ఉంటది. దాన్ని ఎవరూ ముట్టుకోరు. బిగించినాయన ఎటు పెట్టిపోతే అటే. యూపీఎస్ పక్కనుంటే కరెంటు పోయిన 10, 15 మిల్లీసెకన్లలో బ్యాటరీ మీదికి మారుతుంది. రెండో పక్కనుంటే 40 దాకా పోవచ్చు. ఫ్యానుకి, ట్యూబులైటుకి 40 అయినా లెక్కలేదు. కంప్యూటర్‌కి ఉంది. పవర్ సప్లై లోపల లావుపాటి కెపాసిటర్ ఒకటి ఉంటుంది, ఆ కాసేపూ అందులో దాచుకున్నదాని మీదే బండి నడవాలి. ఎంతసేపు? మన కరెంటు 50 హెర్ట్జ్, ఒక సైకిల్ అంటే 20 మిల్లీసెకన్లు. పవర్ సప్లైలు ఎట్టా ఉండాలో చెప్పే ఏటీఎక్స్ డిజైన్ గైడు అడిగేది అంతకంటే తక్కువే, 16, 17 మిల్లీసెకన్లు. చవక సప్లైల్లో అది కూడా ఉండదు. పైగా లోడు పెరిగే కొద్దీ ఆ టైము తగ్గిపోతుంది.

అందుకే చూడండి, టైపింగు చేసుకునేటప్పుడు కరెంటు పోతే ఏమీ కాదు. గేమ్ ఆడేటప్పుడో, వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టినప్పుడో పోతే టప్‌మని రీస్టార్టు. పొద్దున్నే షాపుకి తీసుకొస్తారు, 'విండోస్ పాడైందన్నా, ఫార్మాట్ కొట్టు' అని. విండోస్‌కి ఏమీ కాలా.

పరీక్ష ఎట్టా చేస్తామంటే, సిస్టమ్‌ని ఊరికే వదిలేసి ఒక సెట్టు, సగం లోడు మీద ఒక సెట్టు, ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ రెండూ పూర్తిగా తిరిగేటప్పుడు ఒక సెట్టు. ప్రతి సెట్టులో మెయిన్ ఎంసీబీ పదిసార్లు దించటం, ఎన్నిసార్లు నిలబడింది, ఎన్నిసార్లు పడిపోయింది రాసుకోవటం. పదిసార్లు ఎందుకు? సైకిల్‌లో ఏ చోట కరెంటు తెగిందనే దాన్ని బట్టి ఫలితం మారుతుంది. ఒక్కసారి దించి నిలబడింది కదా అని రాస్తే చదివినోడు మోసపోతాడు. యూపీఎస్ మోడ్‌లో వేరుగా, ఎకో మోడ్‌లో వేరుగా చెయ్యాలి. సైన్‌వేవ్ ఇన్వర్టర్ మీద వేరుగా, పాతకాలం స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ మీద వేరుగా చెయ్యాలి. యాక్టివ్ పీఎఫ్‌సీ, అంటే గోడ కరెంటుని సాఫీగా లాక్కునే సర్క్యూట్, ఉన్న కొన్ని సప్లైలు స్క్వేర్‌వేవ్ మీద మొరాయిస్తాయి, అదీ బయటపడుతుంది. డేటా ఉన్న డిస్కు పెట్టి చెయ్యొద్దు, ఖాళీ డిస్కు వాడండి. ఇంకోటి, ఇంట్లో చేసేటప్పుడు ముందు ఫ్రిజ్, టీవీ ప్లగ్గులు తీసెయ్యండి. లేకపోతే సైటు మొదలయ్యేలోపే అమ్మ చేతిలో అయిపోతారు.

ఖర్చెంతయింది దీనికి? ఇన్వర్టర్ ఇంట్లోదే. ఎవరికి పనికొస్తుంది? మీసేవ సెంటర్ వాళ్లకి, ఫొటో స్టూడియో వాళ్లకి, జిరాక్సు షాపు వాళ్లకి, ఇంట్లో పీసీ ఉన్న ప్రతి పిల్లాడికి. ఇంత అవసరమైన సంగతిని అమెరికాలో కూర్చున్నాయన ఎందుకు చేస్తాడు? ఆయన ఇంట్లో ఇన్వర్టర్ ఉండదు.

ఇట్టాంటివి మన చుట్టూ ఇంకా ఉండాయి. చీమకుర్తి వైపు గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసుల్లో పీసీ మూత తీస్తే హీట్‌సింక్ రెక్కల మధ్య రాతిపొడి అట్టలు కట్టి ఉంటది. క్యాబినెట్ రివ్యూలో డస్ట్ ఫిల్టర్ ఉంది అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు కదా, అక్కడ ఆ ఫిల్టరే అసలు సరుకు. నేలబారున ఉన్న ఫిల్టర్‌ని పీసీ పక్కకి దొర్లించకుండా తియ్యొచ్చా, నీళ్లతో కడగొచ్చా, అది పెట్టాక లోపల వేడి ఎన్ని డిగ్రీలు పెరిగింది? రాయండి. అట్టనే సముద్రం పక్క రొయ్యల హేచరీల ఆఫీసులు. ఉప్పుగాలి. అక్కడ సర్వీసుకి పోయే కుర్రాళ్లని అడగండి, 'డిస్‌ప్లే రావట్లేదు' అని ఫోనొస్తే వాళ్లు జేబులో వేసుకుపోయే పనిముట్టు రబ్బరు. పెన్సిల్ రాత చెరిపే రబ్బరు. ర్యామ్ తీసి, బంగారు పూత ఉన్న కాళ్లని రుద్ది, మళ్లీ పెడతారు, డిస్‌ప్లే వస్తుంది.

సరే, పద్ధతి దగ్గరికొద్దాం. వడ్ల రైతులున్న ఇళ్ల పిల్లలు ఉండారు కదా ఇక్కడ? కొనుగోలు కేంద్రంలో గింజ కొరికి చూసి 'బాగా ఆరినాయ్' అంటే ఒప్పుకుంటారా? తేమ మిషన్ పెట్టి 17 శాతం దాటిందా లేదా చూస్తారు. రివ్యూ కూడా అంతే. 'వేడెక్కుతోంది', 'స్పీడుగా ఉంది' అనే మాటలు గింజ కొరికి చెప్పేవి. మీకు కావలసిన మిషన్లు ఖరీదైనవేం కావు. ప్లగ్గుకి పెట్టే వాట్ మీటరు, ఒక మంచి మల్టీమీటరు, గది వేడి చూసే థర్మామీటరు, అంతే. మిగతావి ఉచిత సాఫ్ట్‌వేర్లు. ప్రతి పరీక్షా కనీసం మూడుసార్లు చేసి, గది వేడి, వోల్టేజీ, బయోస్ వెర్షన్, డ్రైవర్ వెర్షన్ పక్కనే రాయండి. ఆరు నెలలకి ఎవడో వచ్చి 'నాకు ఇట్టా రాలేదే' అంటాడు. అప్పుడు ఆ కాగితమే మిమ్మల్ని కాపాడేది.

ఏం కొలవాలి అనేది కూడా ఆలోచించాల్సిందే. చాలాకాలం గేముల్లో అందరూ సెకనుకి ఎన్ని ఫ్రేములు అనే సగటు ఒక్కటే రాసేవాళ్లు. 2011లో టెక్ రిపోర్ట్ సైటులో స్కాట్ వాసన్ అనే ఆయన, ఆ సెకను లోపల ఏం జరుగుతోంది, ఒక్కో ఫ్రేముకి ఎంత టైము పడుతోంది అని విడదీసి చూశాడు. సగటు బాగున్న కార్డుల్లో కూడా మధ్యమధ్యలో కుదుపులు బయటపడ్డాయి. ఇప్పుడు ప్రతి రివ్యూలో కనపడే '1 శాతం లో' (బాగా నెమ్మదైన ఫ్రేముల లెక్క) లాంటి అంకెలకి దారేసింది ఆ పనే.

'మేం ఎవరం, మా మాట ఎవరు వింటారు' అని ఒకమ్మాయి ఇందాక బయట అడిగింది. అమ్మాయ్, టామ్స్ హార్డ్‌వేర్ అనే రివ్యూ సైటుని 1996లో మొదలుపెట్టిన థామస్ పాబ్‌స్ట్ ఎవరనుకున్నావ్? జర్మనీకి చెందిన వైద్యుడు. 1997లో ఆనంద్‌టెక్ సైటు మొదలుపెట్టిన ఆనంద్ లాల్ షింపీకి అప్పటికి 14 ఏళ్లు. జియోసిటీస్ అని పేజీలు ఉచితంగా ఇచ్చే చోట పెట్టాడు. 2000 జులై ఆఖర్న ఇంటెల్ 1.13 గిగాహెర్ట్జ్ పెంటియం 3 దించింది. ఏఎమ్‌డీతో గిగాహెర్ట్జ్ పందెం జోరుగా నడుస్తున్న రోజులవి. పాబ్‌స్ట్‌కి పంపిన చిప్ నిలకడగా నడవలా. లైనక్స్ కెర్నెల్ కంపైల్ చెయ్యమంటే మధ్యలో చేతులెత్తేస్తా ఉంది. మామూలుగా ఏమనుకుంటాం? నాకొచ్చిన పీసే పాడు, వదిలేద్దాం అనుకుంటాం. ఆయన వదల్లా. మళ్లీ మళ్లీ చేశాడు, రాశాడు. హార్డ్‌ఓసీపీ అనే ఇంకో సైటు నడిపిన కైల్ బెనెట్‌కి కూడా అదే ఎదురైంది. ఆగస్టు తిరిగేలోపు ఇంటెల్ ఒప్పుకుని ఆ చిప్‌లని వెనక్కి పిలిపించుకుంది. ఇంటెల్ అంతటి కంపెనీ ఆయన డిగ్రీ చూసి తగ్గిందా? ఎవరు చేసినా అదే ఫలితం వస్తా ఉంది, అందుకని తగ్గింది.

ఇప్పుడు సరుకు. సరుకు ఎక్కణ్ణించి తేవాలి? కంపెనీలు పంపుతాయని మొదటి రెండేళ్లు ఆశ పెట్టుకోవద్దు. పంపినా అందులో చిక్కుంది. 2020 డిసెంబరులో గ్రాఫిక్స్ కార్డుల కంపెనీ ఎన్‌విడియా వాళ్లు హార్డ్‌వేర్ అన్‌బాక్స్‌డ్ అనే ఆస్ట్రేలియా ఛానల్‌కి, మీరు రే ట్రేసింగ్‌కి (గేముల్లో వెలుతురు, నీడలు నిజంలా చూపించే పద్ధతి) తగినంత ప్రాధాన్యం ఇవ్వటం లేదు కాబట్టి ఇక మా కార్డులు పంపం అని మెయిల్ పెట్టారు. గోల గోలయింది, కొద్దిరోజుల్లోనే వెనక్కి తగ్గారు. అంత పెద్ద ఛానల్ కాబట్టి తగ్గారు. మీకు ఆ మెయిల్ వస్తే గోల చేసేదెవరు?

కాబట్టి షాపులు. ఇక్కడ షాపుల అన్నలు ఉండారు, వాళ్ల ముందే చెప్తా. షాపులో సీలు తీసిన సరుకుని ఎవరూ కొనరు, కాబట్టి 'ఒక రోజు ఇవ్వన్నా, టెస్ట్ చేసి ఇస్తా' అంటే ఎవరూ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. అదే అసెంబుల్ చేసిన సిస్టమ్ అయితే? కస్టమర్ రేపు తీసుకుపోతాడు, ఈ రాత్రికి అది షాపులో ఊరికే ఉంటది. కొన్నాయన ఒప్పుకుంటే ఆ రాత్రి దానిమీద మీరు లోడ్ టెస్ట్ పెట్టండి. కస్టమర్‌కి రిపోర్టు కాగితం ఉచితం. పార్టు ఏదైనా తేడాగా ఉంటే ఇంటికి పోకముందే షాపాయనకి తెలుస్తుంది. మీకు అంకెలు. నెల తిరిగేసరికి ఎన్ని ప్రాసెసర్లు, ఎన్ని బోర్డులు మీ చేతుల మీదుగా పోతాయో లెక్కేసుకోండి. కొన్ని కొనాల్సొస్తుంది, తప్పదు. చెన్నై రిచీ స్ట్రీటుకో, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కో పోయి తెచ్చుకునేవాళ్లు బిల్లు, వారంటీ ఎవరిదో చూసుకుని తెచ్చుకోండి. పరీక్ష అయ్యాక అమ్మేసుకోవచ్చు.

షాపు సరుకులో ఇంకో లాభముంది. కంపెనీ రివ్యూకి పంపిన పీసూ, ఏడాది తర్వాత కౌంటర్‌లో దొరికే పీసూ ఒకటేనా? పేరొకటే. లోపల? కింగ్‌స్టన్ వీ300 అనే ఎస్ఎస్‌డీలో మొదట ఒక రకం మెమరీ పెట్టి, తర్వాత నెమ్మదైన రకం పెట్టి అదే పేరుతో అమ్మారని 2014లో ఆనంద్‌టెక్ రాసింది. క్రూషియల్ పీ2 అనే ఎస్ఎస్‌డీలో టీఎల్‌సీ రకం మెమరీ బదులు దానికంటే నెమ్మదైన క్యూఎల్‌సీ రకం వచ్చి చేరిందని 2021లో టామ్స్ హార్డ్‌వేర్ పట్టుకుంది. డబ్బా అదే, పేరు అదే. అందుకని పాత రివ్యూని పాతిపెట్టేయకండి. ఏడాదికోసారి అదే మోడల్ కౌంటర్‌లో కొని మళ్లీ కొలవండి. ఎస్ఎస్‌డీకి రెండు నిమిషాల బెంచ్‌మార్కు చాలదు. పెళ్లి వీడియోలు తీసే స్టూడియో వాళ్లు ఒక్క దెబ్బన 200 జీబీ కాపీ కొడతారు. మొదట్లో రాకెట్టులా పోతుంది, లోపల వేగంగా రాసుకునే చిన్న జాగా, అంటే కాష్, నిండాక చవక క్యూఎల్‌సీ డ్రైవులు పాత హార్డ్ డిస్కు కంటే కిందకి పడిపోతాయి. ఎన్ని జీబీల దగ్గర పడింది? ఆ ఒక్క అంకె కోసం స్టూడియో వాళ్లు మీ పేజీకొస్తారు.

సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాపుల్ని చిన్నచూపు చూడొద్దు. మన ఊళ్లో పిల్లలు ఎక్కువగా కొనేది కంపెనీలు వాడి వదిలేసినవే. విండోస్‌లో పవర్‌సీఎఫ్‌జీ అనే కమాండుతో బ్యాటరీ రిపోర్టు ఎట్టా తియ్యాలి, తయారైనప్పటి కెపాసిటీకీ ఇప్పటిదానికీ తేడా ఎట్టా చదవాలి, డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో ఏ గడి చూడాలి, ఇవి ఒక్కసారి ఫొటోలతో సహా సరిగ్గా రాస్తే ఏళ్ల తరబడి జనం వస్తానే ఉంటారు.

రాత గురించి రెండు ముక్కలు. తెలుగులో రాయండి, షాపులో మాట్లాడే తెలుగులో. ర్యామ్‌ని ర్యామ్ అనే రాయండి. అందరూ ఫోన్‌లో చదువుతారు కాబట్టి పెద్ద పట్టికలు పెట్టొద్దు, కొనాలా వద్దా అనేది మొదటి రెండు లైన్లలో చెప్పేయండి. ధర రాస్తే పక్కన తేదీ రాయండి.

ఇంక డబ్బులు. కూర్చున్నారు కాబట్టి చెప్తా. డొమైన్‌కి ఏడాదికి వెయ్యి రూపాయల దరిదాపులో అవుతుంది, హోస్టింగు చిన్నగా మొదలుపెడితే భారం కాదు. ఖర్చంతా సరుకు మీద, కరెంటు బిల్లు మీద. రాబడి మూడు దారుల్లో వస్తుంది. ప్రకటనలు, అఫిలియేట్ లింకులు (మీ లింకు నొక్కి కొంటే మీకొచ్చే కమిషన్), స్పాన్సర్లు. తెలుగు పేజీలకి ప్రకటనల రేటు ఇంగ్లీషు పేజీలంత ఉండదు. అఫిలియేట్‌లో కంప్యూటర్ పార్టులకి కమిషన్ తక్కువ. స్పాన్సర్ దగ్గర డబ్బుంది, చిక్కు కూడా అక్కడే ఉంది. పవర్ సప్లై కంపెనీ దగ్గర డబ్బు తీసుకుని ఎంసీబీ పరీక్ష చేస్తే ఎవరు నమ్ముతారు? నా పద్ధతి నేను చెప్తా, ఏ రకం సరుకుని రివ్యూ చేస్తామో ఆ రకం కంపెనీ ప్రకటన తీసుకోం. మీ ఇష్టం మీది. కానీ తీసుకుంటే మాత్రం దాచొద్దు, అది చట్టం. డబ్బో, ఉచిత సరుకో, కమిషనో, ఏ సంబంధం ఉన్నా చదివేవాడికి కనపడేట్టు చెప్పాలని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022లో మార్గదర్శకాలు తెచ్చింది, 2023 జనవరిలో ఇన్‌ఫ్లుయెన్సర్లకి విడిగా వివరించారు కూడా. తప్పుదోవ పట్టించే ప్రచారానికి జరిమానా 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా.

ఉద్యోగం మానేసి దీనిమీదే పడొచ్చా? వద్దు. ఆనంద్‌టెక్ అంతటిది 27 ఏళ్లు నడిచి 2024 ఆగస్టు 30న మూతపడింది. మేం కూడా పగలు సర్వీసు పని చేసుకుంటానే నడుపుతున్నాం. సైటు చదివి సిస్టమ్ అసెంబుల్ చేయించుకోటానికి వచ్చేవాళ్లే మా ఇల్లు గడుపుతున్నారు, ప్రకటనలు కాదు.

ఇక అడగండి. ఆ షాపన్న ముందు చెయ్యెత్తారు.

'మా షాపులో టెస్ట్ చేసి మేం అమ్మే సరుకే బాగలేదని రాస్తే మా గతేంది' అంటున్నారు. న్యాయమైన ప్రశ్నే. షాపు పేరు రాయం, ఏ బ్యాచ్, ఏ మోడల్ అనేది రాస్తాం. రాసేముందు మీకు చూపిస్తాం, అంకెలు తప్పైతే దిద్దుతాం, నచ్చలేదంటే మాత్రం దిద్దం. ఈ మాట మొదటిరోజే కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టుకోవాలి. నోటిమాట మీద పోతే మీకూ మాకూ పొసగదు.

'ఏఐని అడిగితే అన్నీ చెప్పేస్తోంది కదా, సైటుకి ఎవరొస్తారు' అని. నీ పేరేంది తమ్ముడూ? సరే. అది చెప్పేది ఎవరో ఒకరు కొలిచి రాసినదే కదా. మీరు కొలిచింది కూడా అది తీసుకుని చెప్పేస్తుంది, మీ పేజీకి రాకుండానే జనం పోతారు, ఆ నష్టం ఉంది. లేదని చెప్పను. అందుకే ప్రకటనల మీద బతకాలనుకోవద్దన్నా.

టైమైందంటున్నారు. వాట్ మీటరు ఈ బల్ల మీదే ఉంది, వచ్చి చూసుకోండి. టీ తాగాక కింద ల్యాబుకి రండి, సార్ ఒక పాత సిస్టమూ, ఇన్వర్టరూ ఇస్తానన్నారు. ఎంసీబీ నేను దించను, మీలో ఒకరు దించాలి. దించేముందు స్విచ్చి ఎటు ఉందో చూసి చెప్పండి.